ట్రాక్టరు ముందు పెట్టె



ఈ రోజు ట్రాక్టరు గురించి మాట్లాడుకుందాం. ముఖ్యంగా ట్రాక్టరు ముందు బిగించే ఇనప పెట్టె గురించి.

"ట్రాక్టరుతో మాకేం పని? అది మగవాళ్ళ బండి కదా" అని కొందరు అనుకోవచ్చు. చాలా ఊళ్ళల్లో ట్రాక్టరు నడిపేది మగవాళ్ళే. నిజమే. కానీ ట్రాక్టరు దున్నిన పొలంలో నాట్లు వేసేది ఎవరు? కలుపు తీసేది ఎవరు? విత్తనాల సంచీ, నీళ్ళ బిందె, అన్నం క్యారియరు మోసుకుంటూ గట్ల మీద నడిచేది ఎవరు? ఎక్కువగా ఆడవాళ్ళే.

ట్రాక్టరు ముందు పోతుంటుంది. దాని వెనక ఆడమనిషి నెత్తిన మూటతో నడుస్తుంటుంది. ఇది ఎన్నో ఊళ్ళల్లో కనబడేదే. అంత బలమున్న బండి పక్కనుండగా మనిషి నెత్తి మీద బరువెందుకు?

పెట్టె ఎందుకు?

"సామాను ట్రాలీలో వేసుకోవచ్చు కదా" అని ఎవరైనా అడగొచ్చు. ట్రాలీని కొన్ని చోట్ల ట్రక్కు అంటారు, కొన్ని చోట్ల తొట్టి అంటారు. అది ట్రాక్టరు వెనక తగిలించేది. దున్నే గొర్రు, రోటవేటరు కూడా వెనక తగిలించేవే. రెండూ ఒకేసారి తగిలించడం కుదరదు. రోటవేటరు పెట్టుకుని పొలానికి వెళ్ళే రోజున ట్రాలీ ఇంటి దగ్గరే ఉండిపోతుంది. ఆ రోజున సామాను ఆడవాళ్ళ నెత్తికెక్కుతుంది.

వెనక చోటు లేదు. పక్కల పెద్ద చక్రాలు తిరుగుతుంటాయి. చక్రాల మీది మడ్‌గార్డు మీద మూట పెడితే జారి చక్రంలో పడుతుంది. ఇక మిగిలింది ముందు భాగం. అక్కడ బంపరు దగ్గర ఒక పెట్టె బిగిస్తే విత్తనాలు, నీళ్ళ క్యాన్లు, కొడవళ్ళు, తాళ్ళు, పానాలు, అన్నీ అందులో వెళ్తాయి.

ఇంకో లాభం కూడా ఉంది. ముందు కొంత బరువు ఉంటే ట్రాక్టరు తల పైకి లేవదు. అదెలాగో చూద్దాం.

ఎద్దుల బండి చెప్పే పాఠం

ఎద్దుల బండిలో బస్తాలన్నీ వెనక వేస్తే ఏమవుతుంది? బండి వెనకబరువు అవుతుంది. నొగ పైకి లేస్తుంది. కాడి ఎద్దుల మెడ మీద నిలవదు. అప్పుడు ఏం చేస్తారు? ఒకటి రెండు బస్తాలు ముందుకు జరుపుతారు. బండి సమం అవుతుంది. ఈ సంగతి పల్లెలో పుట్టిన వాళ్ళకు ఎవరూ చెప్పనక్కర్లేదు.

ట్రాక్టరు కూడా అంతే. దానికి వెనక ఇరుసే ముఖ్యం. వెనక ఇరుసు తక్కెడ ముల్లు లాంటిది. దానికి వెనక రోటవేటరు వేలాడుతుంది. ముందు ఇంజను ఉంటుంది. రోటవేటరును పైకి ఎత్తి గట్టు ఎక్కించేటప్పుడు వెనక బరువు పెరుగుతుంది. ముందు చక్రాలు తేలికవుతాయి. ఒక్కోసారి నేలను వదిలి పైకి లేస్తాయి.

ముందు చక్రాలు లేస్తే ఏమవుతుంది? ట్రాక్టరును తిప్పేది ముందు చక్రాలే. అవి గాలిలో ఉంటే స్టీరింగు ఎటు తిప్పినా బండి వినదు. ఇంకా లేస్తే ట్రాక్టరు వెనక్కి తిరగబడుతుంది. నడిపేవాడు దాని కింద పడతాడు.

ఈ ప్రమాదం ఈ నాటిది కాదు. ట్రాక్టర్లు వచ్చిన కొత్తలో నాగలిని వెనక కట్టి లాగించేవారు. నాగలి రాయికి తగిలితే ట్రాక్టరు ముందు భాగం పైకి లేచేది. మనుషులు చనిపోయేవారు. ఐర్లండు దేశంలో పుట్టిన హ్యారీ ఫెర్గూసన్ దీనికి ఒక ఉపాయం కనిపెట్టాడు. నాగలిని మూడు ఇనప చేతులతో ట్రాక్టరుకు తగిలించాడు. ఆ పద్ధతి ఉన్న ట్రాక్టర్లు 1936లో అమ్మకానికి వచ్చాయి. ఈ నాటి ట్రాక్టర్ల వెనక కనబడే మూడు చేతులు అవే. ఆ చేతుల వల్ల ప్రమాదం తగ్గింది. పూర్తిగా పోలేదు. అందుకే కంపెనీలు ట్రాక్టరు ముందు భాగంలో ఇనప దిమ్మలు బిగించుకునే వీలు పెట్టాయి.

బరువు ఒక్కటే కాదు, దూరం కూడా

ఇక్కడ ఒక చిన్న లెక్క ఉంది. నేర్చుకున్న గుణకారం ఇక్కడ పనికొస్తుంది.

తక్కెడలో బరువుతో పాటు దూరం కూడా చూడాలి. తక్కువ బరువైనా ముల్లుకు దూరంగా ఉంటే ఎక్కువ బరువును తూయగలదు. కాబట్టి బరువును దూరంతో గుణించాలి.

ఒక రోటవేటరు 400 కిలోలు ఉందనుకుందాం. దాని నడిమి భాగం వెనక ఇరుసుకు 4 అడుగుల వెనక ఉంది.

400 ను 4 తో గుణిస్తే 1600.

ముందు బిగించిన పెట్టె వెనక ఇరుసుకు 8 అడుగుల ముందు ఉంది. పెట్టె, సామాను కలిపి 200 కిలోలు.

200 ను 8 తో గుణిస్తే 1600.

రెండూ సమానం. అంటే 200 కిలోల పెట్టె 400 కిలోల రోటవేటరును తూస్తోంది. ముందు భాగం కిందికి నిలబడుతోంది.

ఈ కొలతలు అన్ని ట్రాక్టర్లకూ ఒకటే కావు. టేపు పట్టి ఎవరి ట్రాక్టరును వాళ్ళు కొలుచుకోవాలి.

మరి ముందు ఎంత బరువైనా వేయొచ్చా? వేయకూడదు. పెట్టె ముందు చక్రాల కంటే ముందుకు పొడుచుకుని ఉంటుంది. అందువల్ల 200 కిలోలు పెడితే ముందు ఇరుసు మీద 200 కంటే ఎక్కువ పడుతుంది. వెనక ఇరుసు నుంచి ముందు ఇరుసుకు ఆరున్నర అడుగులు ఉందనుకుందాం. 1600 ను ఆరున్నరతో భాగిస్తే దాదాపు 246 వస్తుంది. పెట్టింది 200. ఇరుసు మీద పడింది 246.

బరువు మరీ ఎక్కువైతే ముందు టైర్లు త్వరగా అరుగుతాయి. స్టీరింగు బిగుసుకుంటుంది. ఇరుసు దెబ్బతింటుంది. తడి పొలంలో ముందు చక్రాలు కూరుకుపోతాయి. అందుకే దమ్ము చేసే రోజున పెట్టె విప్పి ఇంటి దగ్గర పెట్టడం మంచిది.

ట్రాక్టరు కొన్నప్పుడు కంపెనీ వాళ్ళు ఒక పుస్తకం ఇస్తారు. ముందు ఇరుసు ఎంత బరువు ఆపుతుందో అందులో ఉంటుంది. ఆ పుస్తకం చాలా ఇళ్ళల్లో బీరువాలో పడి ఉంటుంది. దాన్ని బయటికి తీయండి. ఆ పేజీ చదవండి. పైన చెప్పిన 200 కిలోలు ఒక ఉదాహరణ మాత్రమే. పుస్తకంలో ఉన్న అంకె అంతకంటే తక్కువకు ఒప్పుకుంటే ఆ తక్కువే హద్దు.

పెట్టె కొలతలు

ఇప్పుడు పెట్టె ఎంత ఉండాలో చూద్దాం. అడ్డం 4 అడుగులు. లోపలికి అడుగున్నర. ఎత్తు 1 అడుగు. ఒక మాదిరి ట్రాక్టరుకు ఇది చాలు.

అడ్డం ముందు చక్రాలను దాటి బయటికి రాకూడదు. దాటితే గట్లకు, గోడలకు, మనుషులకు తగులుతుంది. స్టీరింగు పూర్తిగా తిప్పి చూడాలి. చక్రం పెట్టెకు రాసుకోకూడదు.

ఎత్తు ఎక్కువ ఉండకూడదు. నడిపే మనిషికి ముందు నేల కనబడాలి. లైట్లకు, నెంబరు పలకకు పెట్టె అడ్డం రాకూడదు.

ట్రాక్టరు ముందు జాలి ఉంటుంది. ఆ జాలి వెనక రేడియేటరు ఉంటుంది. జాలిలోంచి గాలి లోపలికి వెళ్తేనే ఇంజను చల్లబడుతుంది. పెట్టె రేకు జాలిని మూసేస్తే ఇంజను వేడెక్కి ఆగిపోతుంది. కాబట్టి పెట్టెకు, జాలికి మధ్య జానెడు ఖాళీ వదలాలి. అయినా రేకు అడ్డం వస్తుంటే పెట్టె ఇంకా కిందికి దించాలి. లేదా ఆ వైపు రేకు బదులు ఇనప జాలి వేయించాలి.

పెట్టె బరువు ఎంత?

ఇనుము బరువు ముందే లెక్క కట్టొచ్చు. దుకాణానికి పోకముందే ఇంట్లో పలక మీద వేసుకోవచ్చు.

మొదట రేకు. 2 మిల్లీమీటర్ల మందం రేకు తీసుకుందాం. అది 1 చదరపు అడుగుకు దాదాపు కిలోన్నర తూగుతుంది.

అడుగు భాగం: 4 ను ఒకటిన్నరతో గుణిస్తే 6 చదరపు అడుగులు.
పొడుగు పక్కలు రెండు: ఒక్కొక్కటి 4. మొత్తం 8.
పొట్టి పక్కలు రెండు: ఒక్కొక్కటి ఒకటిన్నర. మొత్తం 3.
అన్నీ కలిపితే 17 చదరపు అడుగులు.
17 ను ఒకటిన్నరతో గుణిస్తే 25న్నర కిలోలు.

తర్వాత యాంగిల్. పెట్టె అంచులకు, మూలలకు ఇది కావాలి. 40 మిల్లీమీటర్ల వెడల్పు, 5 మిల్లీమీటర్ల మందం ఉన్న యాంగిల్ ఒక మీటరు 3 కిలోలు.

కింద చుట్టూ 11 అడుగులు. పైన చుట్టూ 11 అడుగులు. నాలుగు మూలలకు 4 అడుగులు. మొత్తం 26 అడుగులు. అంటే దాదాపు 8 మీటర్లు.
8 ను 3 తో గుణిస్తే 24 కిలోలు.

పెట్టెను ట్రాక్టరుకు పట్టి ఉంచే రెండు ఛానలు ముక్కలు: 7 కిలోలు.
పైన జాలి మూత: 5 కిలోలు.
పలకలు, బందులు, బోల్టులు: మూడున్నర కిలోలు.

అన్నీ కలపండి. 25న్నర, 24, 7, 5, మూడున్నర. మొత్తం 65 కిలోలు.

ఖాళీ పెట్టె బరువే 65 కిలోలు. హద్దు 200 అనుకున్నాం. 200 లోంచి 65 తీసేస్తే 135. సామాను 135 కిలోలు దాటకూడదు.

నిండడం వేరు, బరువు వేరు

"పెట్టె నిండేదాకా వేద్దాం" అని చాలామంది అంటారు. ఇక్కడే మోసం ఉంది.

ఈ పెట్టెలో 6 ఘనపు అడుగుల చోటు ఉంది. వడ్లు ఒక ఘనపు అడుగుకు దాదాపు 16 కిలోలు తూగుతాయి. పెట్టె నిండా వడ్లు పోస్తే 96 కిలోలు. ఫరవాలేదు. 135 దాటలేదు.

ఇసుక ఒక ఘనపు అడుగుకు దాదాపు 45 కిలోలు. పెట్టె నిండా ఇసుక పోస్తే 270 కిలోలు. 135 కు రెండింతలు.

అదే పెట్టె. అంతే నిండింది. ఒకటి బండిని కాపాడుతుంది. ఇంకోటి బండిని పాడు చేస్తుంది. కంటికి రెండూ ఒకేలా కనబడతాయి. లెక్క వేస్తేనే తేడా తెలుస్తుంది.

ఒక రోజు పొలానికి ఏమేం తీసుకెళ్ళాలో చూద్దాం. 30 కిలోల విత్తనాల సంచులు రెండు, 60 కిలోలు. 20 లీటర్ల నీళ్ళ క్యాన్లు రెండు, 40 కిలోలు. కొడవళ్ళు, తాళ్ళు, అన్నం క్యారియర్లు 20 కిలోలు. మొత్తం 120. హద్దు లోపలే ఉంది.

యూరియా సంగతి చూద్దాం. ఒకప్పుడు యూరియా బస్తా 50 కిలోలు ఉండేది. 2018 నుంచి 45 కిలోలు చేశారు. మూడు బస్తాలు పెడితే 135. సరిగ్గా హద్దు మీద ఉంది. నాలుగు పెడితే 180. పెట్టకూడదు.

పురుగు మందు డబ్బాలు ఎప్పుడూ అన్నంతో, తాగే నీళ్ళతో కలిపి పెట్టకూడదు. అదే పెట్టెలో అసలు పెట్టకూడదు. మూత ఊడి కారితే ప్రాణాల మీదికి వస్తుంది.

ఇంకో మాట గుర్తుంచుకోవాలి. విత్తనాలు చల్లేశాక, నీళ్ళు తాగేశాక పెట్టె ఖాళీ అవుతుంది. ముందు బరువు తగ్గిపోతుంది. సాయంత్రం తిరిగి వచ్చేటప్పుడు రోటవేటరు మాత్రం అంతే బరువు ఉంటుంది. కాబట్టి బరువైన పనిముట్టు తగిలించినప్పుడు ఈ పెట్టెనే నమ్ముకోకూడదు. కంపెనీ ఇనప దిమ్మలే వాడాలి. దిమ్మలు ఉన్న బండికి పెట్టె కూడా బిగిస్తే ఆ బరువు కూడా లెక్కలో కలపాలి.

ముందు చక్రాల మీద ఎంత బరువు ఉందో నిజంగా చూడాలంటే వేబ్రిడ్జికి వెళ్ళాలి. లారీలు తూచే కాటా అది. రోటవేటరు ఎత్తి పెట్టి, ముందు చక్రాలు మాత్రమే కాటా మీద ఉంచి తూయించాలి. ట్రాక్టరు బరువులో కనీసం ఐదో వంతు ముందు చక్రాల మీద ఉండాలి. 2000 కిలోల ట్రాక్టరుకు ఐదో వంతు 400 కిలోలు. అంతకంటే తక్కువ ఉంటే బండి మాట వినదు.

మేస్త్రీ దగ్గర

ఒక మహిళా సంఘానికి సొంత ట్రాక్టరు ఉందనుకుందాం. సంఘం వాళ్ళు ముగ్గురు వెల్డింగు షాపుకు వెళ్ళారు. చేతిలో కాగితం ఉంది. కాగితం మీద కొలతలు, బరువులు ఉన్నాయి.

మేస్త్రీ చూసి అన్నాడు: "ఇవన్నీ ఎందుకక్కా? నేను చేసి పెడతాగా. ఓ 100 కిలోల ఇనుము పడుద్ది."

సంఘం పెద్ద అడిగింది: "మా లెక్కకు 65 వచ్చింది మేస్త్రీ. మిగతా 35 ఎక్కడ పడుద్దో చెప్పన్నా."

"రేకు 8 అడుగులకు 4 అడుగులది పూర్తిగా కొనాలి కదక్కా. యాంగిల్ కడ్డీ 6 మీటర్లు ఉంటది. రెండు కడ్డీలు తేవాలి. ముక్కలు మిగులుతాయి. తరుగు పోద్ది."

మేస్త్రీ చెప్పింది అబద్ధం కాదు. పూర్తి రేకు 32 చదరపు అడుగులు. పెట్టెకు పట్టేది 17. మిగిలేది 15. రెండు కడ్డీలు 12 మీటర్లు. పట్టేది 8. మిగిలేది 4.

రెండో ఆమె కాగితం మీద లెక్క వేసింది. "మిగిలిన రేకు 22 కిలోల పైన. మిగిలిన యాంగిల్ 12 కిలోలు. అది తరుగు కాదన్నా. మంచి ఇనుమే. డబ్బు మేమిస్తే ఆ ముక్కలు మావి. లేదంటే మాకు పట్టినంత వరకే బిల్లు రాయి."

మేస్త్రీ నవ్వాడు. "సరేనక్కా. పట్టినంతకే రాస్తా. ముక్కలు నేనుంచుకుంటా. కోతలో పోయేది మాత్రం రెండు మూడు కిలోలు కలుపుతా."

"అది న్యాయమే" అన్నారు వాళ్ళు.

గొడవ పడలేదు. ఎవరూ ఎవరినీ దొంగ అనలేదు. కాగితం మీది అంకెలు మాట్లాడాయి. బేరానికి వెళ్ళేటప్పుడు గొంతు పెద్దది కానక్కర్లేదు. లెక్క సరిగ్గా ఉంటే చాలు. పెట్టె తయారయ్యాక కూడా తూయించి తీసుకోవాలి. బిల్లు మీద కిలోలు, కిలో ధర, కూలి వేరువేరుగా రాయించుకోవాలి.

బిగించేటప్పుడు

పెట్టెను ట్రాక్టరుకు వెల్డింగు చేయించకూడదు. బోల్టులతోనే బిగించాలి. కంపెనీ వాళ్ళు బంపరు కోసం, దిమ్మల కోసం ముందు భాగంలో రంధ్రాలు పెట్టి ఉంటారు. ఆ రంధ్రాలకే బిగించాలి. కొత్త రంధ్రాలు వేయకూడదు.

ముందు ఇరుసుకు కట్టకూడదు. గతుకుల్లో ఆ ఇరుసు ఒకవైపు లేస్తూ, ఒకవైపు దిగుతూ ఊగుతుంది. అది ఊగాలి. పెట్టె దానికి అడ్డం పడకూడదు.

వెల్డింగు పని అంతా పెట్టెను నేల మీద ఉంచి చేయించాలి. ట్రాక్టరు మీద ఉండగా చేస్తే నిప్పు రవ్వలు పడతాయి. అక్కడ డీజిలు ఉంటుంది. బ్యాటరీ ఉంటుంది.

నట్టు కింద స్ప్రింగు వాషరు వేయాలి. లేకపోతే బండి అదురుకు నట్టు వదులవుతుంది. వారానికి ఒకసారి పానాతో బిగించి చూడాలి.

పెట్టె అడుగున నాలుగు చిన్న రంధ్రాలు ఉండాలి. వాన నీళ్ళు పోవడానికి. అంచులు ఆకురాయితో నునుపు చేయించాలి. లేకపోతే చేతులు కోసుకుంటాయి. ముందు రెడ్ ఆక్సైడు, ఆ పైన రంగు వేయించాలి. తుప్పు పట్టదు.

రోడ్డు మీద తిరిగే బండికి సొంతంగా మార్పులు చేయడం గురించి 1988 నాటి మోటారు వాహనాల చట్టంలో నిబంధనలు ఉన్నాయి. అందుకని ముందే రవాణా శాఖ ఆఫీసులో అడిగి తెలుసుకోవాలి. బీమా కంపెనీలో కూడా అడగాలి. బోల్టులతో బిగించిన పెట్టె అయితే అవసరమైనప్పుడు విప్పేయొచ్చు.

ట్రాక్టరు పని బాగా నేర్చుకోవాలనుకునే వాళ్ళకు అనంతపురం జిల్లా గార్లదిన్నెలో కేంద్ర ప్రభుత్వ సంస్థ ఉంది. అక్కడ వ్యవసాయ యంత్రాలను పరీక్షిస్తారు. వాటి మీద శిక్షణ కూడా ఇస్తారు.

పెట్టె సామానుకే, మనుషులకు కాదు

ఇది అన్నిటికంటే ముఖ్యమైన మాట.

పెట్టె చూడగానే పిల్లలకు సరదా పుడుతుంది. ఎక్కి కూర్చుంటామంటారు. "నాలుగు అడుగులే కదా, కూర్చోనీ" అని పెద్దవాళ్ళు కూడా అంటారు. కూలికి ఆలస్యమైన రోజున పెద్దవాళ్ళే ఎక్కుతారు.

ముందు కూర్చున్న మనిషి గతుకులో జారితే ఎక్కడ పడుతుంది? చక్రాల ముందు పడుతుంది. నడిపే మనిషికి బానెట్టు అడ్డం. పడింది కనబడదు. బ్రేకు వేసే లోపే బండి మీదికి వచ్చేస్తుంది.

ట్రాక్టరు నడిపే ఒకరికే ఉన్న బండి. పక్కన, వెనక, ముందు మనుషులు ఎక్కేందుకు కాదు. ట్రాలీ కూడా సరుకుల కోసమే. 2018 ఏప్రిల్లో నల్లగొండ జిల్లాలో కూలికి వెళ్తున్న ఆడవాళ్ళ ట్రాక్టరు కాలువలో పడింది. 9 మంది చనిపోయారు. అదే ఏడు జూన్‌లో యాదాద్రి భువనగిరి జిల్లాలో కూలీల ట్రాక్టరు మూసీ కాలువలో పడింది. 15 మంది చనిపోయారు. వాళ్ళలో ఎక్కువ మంది ఆడవాళ్ళే. పొద్దున్నే పిల్లలకు అన్నం పెట్టి పనికి బయల్దేరిన తల్లులు వాళ్ళు.

వాళ్ళు ట్రాక్టరు ఎక్కింది సరదాకు కాదు. వేరే బండి లేక. దూరం నడవలేక. అందుకే "ఎక్కొద్దు" అని చెప్పి ఊరుకుంటే చాలదు. కూలికి పిలిచే రైతును ఆటో ఏర్పాటు చేయమని అందరూ కలిసి అడగాలి. ఒక్కరు అడిగితే "నువ్వు రాకులే" అంటారు. పదిమంది అడిగితే వింటారు.

సంఘం ట్రాక్టరు దగ్గరికే మళ్ళీ వద్దాం. పెట్టె బిగించిన మర్నాడు డ్రైవరు కుర్రాడు అన్నాడు: "పిన్నీ, మూడు బస్తాలేంటి? ఐదేద్దాం. ట్రాక్టరుకేం కాదు."

ఆమె అంది: "ట్రాక్టరుకు కాదురా అబ్బాయ్, నీకవుద్ది. దిగు, రెండు బస్తాలు దించు."

వాడు దించాడు. ఎందుకంటే పెట్టె మీద తెల్ల రంగుతో రెండు వరుసలు రాసి ఉన్నాయి:

మనుషులు ఎక్కరాదు.
135 కిలోలు దాటరాదు.

పెయింటరును పిలవలేదు. సంఘం వాళ్ళే కుంచె పట్టి రాశారు. అక్షరాలు కొంచెం వంకరగా ఉన్నాయి. అయినా ఊరంతా చదవగలిగేలా ఉన్నాయి.

ఇంటికి వెళ్ళాక చేయండి

టేపు తీసుకుని ఒక ట్రాక్టరు దగ్గరికి వెళ్ళండి. ఇంజను ఆగి ఉన్నప్పుడే వెళ్ళండి. వెనక ఇరుసు నుంచి ముందు ఇరుసుకు ఎంత దూరమో కొలవండి. కాగితం మీద రాయండి.

ముందు టైరు మీద ఉన్న అంకెలు చదవండి. చాలా ట్రాక్టర్లకు 6.00-16 అని ఉంటుంది. 6 అంటే టైరు వెడల్పు, అంగుళాల్లో. 16 అంటే లోపలి ఇనప చక్రం కొలత, అది కూడా అంగుళాల్లోనే.

తర్వాత ఈ లెక్క చేయండి. పెట్టె అడ్డం 3 అడుగులు, లోపలికి అడుగున్నర, ఎత్తు 1 అడుగు అయితే ఎంత చోటు ఉంటుంది? దాని నిండా వడ్లు పోస్తే ఎన్ని కిలోలు? ఇసుక పోస్తే ఎన్ని కిలోలు? మీ జవాబును పక్కింటి అక్క జవాబుతో పోల్చి చూడండి. ఇద్దరి లెక్క ఒకటే వస్తే సరే. రాకపోతే ఇద్దరూ కూర్చుని మళ్ళీ చేయండి.

నెత్తి మీది బరువు దించుకోవాలంటే ఆ బరువు ఎంతో ముందు తెలియాలి. టేపు, పెన్సిలు చేతిలో ఉన్న ఆడవాళ్ళు ఆ లెక్క ఎవరినీ అడగనక్కర్లేదు.